ఎర్ర గ్రేవీలో కోడిగుడ్డు

“ఇది ఇటాలియన్ కాదురా” అన్నాడు మావాడు, రెండో ముద్ద నోట్లో పెట్టుకునే లోపే.

న్యూ ఆర్లీన్స్‌లో మిడ్-సిటీ అనే పేట. ట్రామ్ దిగి, రెండు సందులు దాటితే వచ్చే పాత హోటల్. ఆఫీసు కాన్ఫరెన్సు కోసం ఆ ఊరు వెళ్లాం. మొదటి రెండు రోజులూ ఫ్రెంచ్ క్వార్టర్‌లో టూరిస్టుల మధ్య తోసుకుంటూ తిని, విసుగు పుట్టి, మేం దిగిన చోట రిసెప్షన్లో కుర్రాణ్ణి “నువ్వు ఎక్కడ తింటావ్?” అని అడిగాం. అతను పంపిన చోటు ఇది. బార్ దగ్గర నిలబడి టేబుల్ కోసం ఎదురు చూసేవాళ్లంతా ఒకళ్లకొకళ్లు తెలిసినట్టే ఉన్నారు. మాకు వడ్డించిన పెద్దావిడ అందర్నీ “బేబీ” అంటోంది, డెబ్భై దాటిన ముసలాయన్ని కూడా. మెనూలో ఒక పక్క గంబో, తాబేలు సూప్, వేయించిన క్యాట్‌ఫిష్. ఇంకో పక్క స్పెగెట్టీ-మీట్‌బాల్స్, వీల్ పార్మిజాన్, వెల్లుల్లీ రొట్టెపొడీ కూరిన ఆర్టిచోక్. రెండు పక్కలకీ మధ్య గీత లేదు. చేపల వేపుడు అడిగితే పక్కన స్పెగెట్టీ పెట్టిస్తారు, మనం పెసరట్టుతో ఉప్మా పెట్టినట్టు. ఈ రకం వంటని ఆ ఊళ్లో క్రియోల్-ఇటాలియన్ అంటారు.

స్పెగెట్టీ మీద పోసేదాన్ని వాళ్లు సాస్ అనరు, రెడ్ గ్రేవీ అంటారు. ఎర్ర గ్రేవీ. ఉల్లి, వెల్లుల్లి నూనెలో వేగాక టమాటా పేస్టు వేసి, అది రంగు మారి నూనె తేలేదాకా వేయించి, నీళ్లు పోసి, గంటల తరబడి సన్న సెగ మీద ఉంచుతారు. పులుపు విరగడానికి కాస్త పంచదార. కొందరు ముందు పిండిని కొవ్వులో వేయించి, దాని మీద గ్రేవీ కడతారు. ఆ పిండి వేపుడు పేరు రూ. గంబోకి ఆధారం కూడా అదే. రోమ్‌లో తిన్న టమాటా సాస్ చురుగ్గా, తేలిగ్గా ఉంటుందట. ఇది చిక్కగా, తియ్యగా, ఇగురులా ఉంది. మావాడి అభ్యంతరం అదీ.

మావాడికి ఇటలీ మీద ఈ అధికారం ఎలా వచ్చిందంటే, హనీమూన్‌కి రోమ్‌లో నాలుగు రోజులున్నాడు. అయినా నేను వాడితో పెద్దగా వాదించలేదు. ఎందుకంటే వాడన్న మాట నేను కూడా చాలాసార్లు అన్నదే. డల్లాస్‌లో తిన్న గోంగూర గురించి అన్నాను. బెంగళూరులో తిన్న ‘ఆంధ్రా మీల్స్’ గురించి అన్నాను. కొత్త కథకుల కథల గురించి సమీక్షల్లో రాశాను కూడా, కొంచెం మర్యాదగా. “ఇది అసలుది కాదు.”

ఈ వ్యాసం ఆ ‘అసలు’ అనే మాట మీద. నా వాదన సింపుల్. తిండి విషయంలో ‘అసలు’ అనే మాట రుచి గురించి ఏమీ చెప్పదు. ఆ మాట అనేవాడు తనని తాను ఎక్కడ కూర్చోబెట్టుకున్నాడో చెప్తుంది. సాహిత్యంలో కూడా అంతే. అక్కడ ఇంకా ప్రమాదం.

*

ముందు ఆ గ్రేవీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

1861కి ముందు ఇటలీ అనే ఒకే దేశం లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పలెర్మో నుంచి ఓడలెక్కి న్యూ ఆర్లీన్స్‌లో దిగినవాళ్లని మీరెవరని అడిగితే ‘ఇటాలియన్లం’ అని ఎంతమంది అనేవాళ్లో అనుమానమే. వాళ్లది సిసిలీ. ఇంకా గట్టిగా అడిగితే ఫలానా ఊరు. నిమ్మకాయల వ్యాపారం కోసం ఆ రెండు రేవుల మధ్య ఓడలు తిరిగేవి. బానిసత్వం రద్దయ్యాక లూసియానా చెరుకు తోటల యజమానులకి కూలీలు కావాల్సి వచ్చింది. అవే ఓడల్లో మనుషులూ వచ్చారు. చెరుకు కొట్టారు, రేవులో పళ్ల బుట్టలు మోశారు, వీధుల్లో కూరగాయలు అమ్మారు. ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఈరోజు టూరిస్టులు ఫొటోలు తీసుకునే కింది భాగాన్ని అప్పట్లో లిటిల్ పలెర్మో అనేవాళ్లు. పాడుబడ్డ ఇళ్లు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం.

వాళ్లని ఆ ఊరు ఎలా చూసిందో చెప్పడానికి ఒక్క తేదీ చాలు: 1891 మార్చి 14. అంతకుముందు అక్టోబర్‌లో పోలీసు చీఫ్ డేవిడ్ హెనెసీని ఎవరో కాల్చి చంపారు. నేరం సిసిలీ వాళ్ల మీద మోపారు. తొమ్మిదిమంది మీద విచారణ జరిగింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. మర్నాడు వేలమంది గుంపు జైలు మీద పడి పదకొండుమందిని చంపింది. గుంపుకి నాయకత్వం వహించినవాళ్లు ఊళ్లో పేరున్న పెద్దమనుషులు, లాయర్లు. తర్వాత అమెరికా ప్రభుత్వం ఇటలీకి 25,000 డాలర్లు నష్టపరిహారం ఇచ్చింది. ఊరి తరఫున మేయర్ అధికారికంగా క్షమాపణ చెప్పింది 2019లో. అంటే 128 ఏళ్లకి.

ఆ పదకొండుమంది వెనక మిగిలినవాళ్లు మెల్లగా వీధి మూలల్లో కిరాణా కొట్లు పెట్టుకున్నారు. కొన్ని కొట్లు హోటళ్లయ్యాయి. ఆ ఊళ్లో పేట హోటల్ పుట్టిన తీరు చాలావరకు ఇదే. కెనాల్ స్ట్రీట్‌లోని మాండీనాస్ 1898లో కిరాణా కొట్టుగా మొదలై 1932లో రెస్టారెంట్ అయింది. డెకేటర్ స్ట్రీట్‌లోని సెంట్రల్ గ్రోసరీ 1906 నాటిది. గుండ్రటి నువ్వుల రొట్టెలో హ్యామ్, సలామీ, చీజ్, ఆలివ్ పచ్చడి లాంటిది కూరి ఇచ్చే మఫలెట్టా పుట్టింది అక్కడే అంటారు. మార్కెట్లో పనిచేసే సిసిలీ వాళ్లు రొట్టె, మాంసం, ఆలివ్‌లు విడివిడిగా కొనుక్కుని, కూర్చునే చోటు లేక ఒళ్లో పెట్టుకుని తింటుంటే, కొట్టు యజమాని అన్నీ కలిపి రొట్టెలో పెట్టిచ్చాడని కథ.

ఇక వంట. సిసిలీలో పేదవాడు చీజ్ కొనలేక పాస్తా మీద వేయించిన రొట్టెపొడి చల్లుకునేవాడు. న్యూ ఆర్లీన్స్ చుట్టూ నీళ్లు, నీళ్లనిండా ఆయిస్టర్లు, రొయ్యలు, పీతలు. ఆ రొట్టెపొడి ఈ ఆయిస్టర్ల మీద పడింది. 1946లో ఊరి బయట హైవే పక్కన తెరిచిన మోస్కాస్‌లో ఈరోజుకీ జనం దానికోసమే అంత దూరం కారు వేసుకుని వెళ్తారు. 1913లో మొదలైన పాస్కల్స్ మనాలేలో ‘బార్బెక్యూ రొయ్యలు’ అని ఒకటుంది. దాన్ని నిప్పుల మీద కాల్చరు. వెన్న, మిరియాల పొడి, ఊస్టర్ సాస్‌లో తొక్కతోనే వండుతారు. చాల్మెట్‌లోని రాకీ అండ్ కార్లోస్‌లో మెకరోనీ-చీజ్ మీద ఎర్ర గ్రేవీ కావాలా, బ్రౌన్ గ్రేవీ కావాలా అని అడుగుతారు. వీటిలో ఒక్కటీ ఇటలీలో దొరకదు. వీటిలో ఒక్కటీ సిసిలీ వాళ్లు లేకుండా పుట్టేది కాదు.

మరి ‘అసలు’ ఏది? ఇటలీ టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వెళ్లిందే. మన ఆవకాయలో మిరపకాయ కూడా అంతే, పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. హైదరాబాద్ ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. వాళ్లు టీలో పాలు పోసుకోరు. ఇవన్నీ మనకి తెలియని విషయాలు కావు. ప్రతి తిండి వ్యాసంలో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. తెలిసినా ‘అసలు’ అనడం మానం. అంటే ఆ మాట సమాచారలోపం వల్ల వచ్చేది కాదు. దానికి వేరే పని ఉంది.

*

ఇక్కడ చాలామంది ఎదురు దిక్కుకి పరిగెడతారు. “అవును, అసలు అనేదే లేదు, అంతా కలగలుపే, ఎంత అందం! వంటిల్లు మనుషుల్ని కలుపుతుంది!” ఇలాంటి వ్యాసాలు మావాడి మాట కంటే ఎక్కువ చికాకు నాకు. ఎందుకంటే అవి నిజంలో సగం చెప్పి చేతులు కడుక్కుంటాయి.

‘క్రియోల్’ అనే మాటనే తీసుకోండి. స్పానిష్, పోర్చుగీసు భాషల నుంచి వచ్చిన మాట. స్థూలంగా ‘ఇక్కడే పుట్టింది’ అని అర్థం. లూసియానా నేల మీద పండిన టమాటాని ఇప్పటికీ క్రియోల్ టమాటా అంటారు. 1718లో ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు, తర్వాత స్పెయిన్ చేతిలోకి వెళ్లి, 1803లో అమెరికాకి అమ్ముడుపోయింది. ఫ్రెంచి సంతతి తెల్లవాళ్లు మేమే క్రియోల్ అన్నారు. ఆఫ్రికా, ఫ్రెంచి రక్తం కలిసిన కుటుంబాలూ మేం క్రియోల్ అన్నాయి. గంబో అనే పేరే బెండకాయకి ఆఫ్రికా భాషల్లో ఉన్న మాట నుంచి వచ్చింది. అందులో కొందరు చల్లే ఫీలే పొడి అక్కడి మూలవాసులైన చాక్టా జనం నుంచి నేర్చుకున్నది. వినడానికి ఎంత బావుందో చూడండి. ఒకే గిన్నెలో మూడు ఖండాలు.

గిన్నెలో అందరూ ఉన్నారు. బల్ల దగ్గర లేరు. 1892లో హోమర్ ప్లెసీ అనే క్రియోల్ న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. విడిగా ఉంచడం చట్టబద్ధమే అంది. ఆ తీర్పు నీడ అరవై ఏళ్ల పైగా దక్షిణాది మొత్తం మీద పడింది. మనం ముచ్చటపడే ఆ పాత పేట హోటళ్లు ఎదిగింది ఆ ఏళ్లలోనే. 1964 పౌరహక్కుల చట్టం దాకా ఒక నల్లజాతి కుటుంబం లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుని స్పెగెట్టీ అడగగలిగే రోజులు కావవి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకచోట కూర్చుని తినడానికి చట్టం ఒప్పుకోని కాలంలో, ఉద్యమకారులు రెండు రంగులవాళ్లూ కలిసి కూర్చుని గంబో తిన్నది డూకీ చేజ్‌లో, మేడ మీద గదిలో. 1941లో మొదలైన నల్లవాళ్ల రెస్టారెంట్ అది. దాన్ని దశాబ్దాల పాటు నడిపిన లేయా చేజ్ 2019లో, 96 ఏళ్ల వయసులో చనిపోయింది.

సిసిలీ వాళ్ల సంగతి? 1891లో జైల్లో చచ్చినవాళ్ల తర్వాతి తరం మెల్లగా తెల్లవాళ్ల లెక్కలోకి ఎక్కింది. ఎక్కాక కొందరు నిచ్చెన పైకి లాక్కున్నారు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ తిండిది కాదు, పాటది. నిక్ లరోకా అని, సిసిలీ నుంచి వచ్చిన చెప్పులు కుట్టే ఆయన కొడుకు. 1917లో మొట్టమొదటి జాజ్ రికార్డు వేసిన బ్యాండ్ ఇతనిదే. అందులో అందరూ తెల్లవాళ్లే. లరోకా తర్వాతి రోజుల్లో జాజ్ పుట్టించింది మేమేనని, అందులో నల్లవాళ్ల వాటా ఏమీ లేదని వాదిస్తూ ఉండిపోయాడు. వాళ్ల బ్యాండ్ పేరు ఏమిటో తెలుసా? ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్.

ఒరిజినల్. అసలు.

అదీ ఆ మాట చేసే పని. పక్కవాడి వీధిలో నేర్చుకున్న పాట మీద తన పేరు రాసుకోవడానికి పనికొస్తుంది. రోమ్‌లో నాలుగు రోజులున్నవాడికి, నాలుగు తరాలుగా వండుతున్నవాళ్ల మీద తీర్పు చెప్పడానికి పనికొస్తుంది. గ్రేవీ రుచి మాత్రం దానివల్ల ఒక్క పిసరు కూడా తెలియదు.

*

ఇప్పుడు మన దగ్గరికి.

వెబ్ పత్రికల్లో తెలుగు తిండి వ్యాసానికి ఒక మూస ఉంది. మీరూ చదివారు, నేనూ చదివాను. అమ్మమ్మ ఉంటుంది. పెరడు ఉంటుంది. రోట్లో పచ్చడి, కట్టెల పొయ్యి, మట్టి దాక, వేడన్నంలో ఆవకాయ, అమ్మ కలిపిన ముద్ద. చివర్లో రచయిత ఏ న్యూజెర్సీలోనో, గచ్చిబౌలిలోనో మైక్రోవేవ్ ముందు నిలబడి ఆ ‘అసలు రుచి’ తలుచుకుని కళ్లు తుడుచుకుంటాడు. కింద యాభై కామెంట్లు: “మా అమ్మమ్మ గుర్తొచ్చింది.” అమ్మమ్మలందరూ ఒకేలా ఎలా ఉన్నారని ఎవరూ అడగరు. రోట్లో పచ్చడి రుబ్బినది అమ్మమ్మేనా, ఇంకెవరైనానా అని అడగరు. పొయ్యిలో కట్టెలు కొట్టిందెవరు, బావి నుంచి నీళ్లు చేదిందెవరు, చేదే హక్కు లేనిదెవరికి అని అసలే అడగరు.

హైదరాబాద్‌లో ఆ మూసనే రెస్టారెంట్ చేసి అమ్ముతున్నారు. గోడకి ఎడ్లబండి చక్రం, తలుపు దగ్గర లాంతరు, మెనూ కార్డు మీద పల్లె బొమ్మ. ఆరేడు వందలిస్తే అరిటాకులో ‘మన ఊరి భోజనం’. నేనూ తిన్నాను. బావుంది కూడా. కానీ ఆ ఊరి బొమ్మలో గుడిసెలు ఎటు పక్కన ఉన్నాయో చూడండి. ఉండవు. కోస్తా పట్టణాల్లో ‘బ్రాహ్మణ భోజన హోటల్’ బోర్డులు చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి తాతల నాటి ముచ్చట కాదు. పెళ్లిళ్లలో, ఊరి పండగల్లో ఎవరి బంతి ముందు, ఎవరి బంతి ఆఖర్న అనే లెక్క అందరికీ తెలిసినదే. ఈ బోర్డులూ గ్లాసులూ బంతులూ లేని ‘అసలు తెలుగు రుచి’ ఎక్కడిది? ఎప్పటిది?

సాహిత్యంలో ఇదే మాటకి వేరే పేర్లున్నాయి. మట్టి వాసన. అచ్చ తెలుగు. నుడికారం. ఒక కథలో పాత్ర “నేను మెసేజ్ డ్రాప్ చేశాను” అంటే సమీక్షకుడికి తెలుగు చచ్చిపోతున్నట్టు బాధ. కానీ ఆ పాత్ర మాదాపూర్‌లో పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా మాట్లాడేది అదే. ఇంకో కథలో తెలంగాణ మాట ఉంటే ఒకప్పుడు ‘యాస’ అనేవాళ్లు. రెండున్నర జిల్లాల భాష మాత్రం భాష. దాన్ని పాఠ్యపుస్తకంలో, రేడియోలో, సినిమాలో అసలు తెలుగుగా వండి వడ్డించారు. మిగతావాళ్లంతా తమ నోరు తామే సరిచేసుకుంటూ తిన్నారు. నిక్ లరోకా పద్ధతే ఇది కూడా. ముందు ‘ఒరిజినల్’ అని బోర్డు కట్టెయ్యి, తర్వాత వచ్చినవాళ్లు నకిలీలవుతారు.

“అయితే మంచీ చెడ్డా లేదా? ఎవడేం వండినా నోరు మూసుకుని తినాలా? ఏం రాసినా చదవాలా?” అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే. దాటెయ్యను.

మంచీ చెడ్డా ఉన్నాయి. ఆరోజు నా స్పెగెట్టీ ఎక్కువ ఉడికిపోయింది. మెత్తగా, ఫోర్కుకి చుట్టకుండా తెగిపోతోంది. అది తప్పు, ఏ దేశంలోనైనా తప్పే. ఆర్టిచోక్ అద్భుతం. గ్రేవీ మొదటి ముద్దకి తీపనిపించి, ఐదో ముద్దకి లోపల వేగిన టమాటా చేదు తగిలి, ప్లేటు చివర రొట్టెముక్కతో తుడుచుకుని తినేలా చేసింది. ఇవన్నీ చెప్పడానికి నాకు రోమ్ అక్కర్లేదు, సిసిలీ అక్కర్లేదు. నా ముందున్న ప్లేటు చాలు. విమర్శ అంటే ముందు అదే: ఎదురుగా ఉన్నదాన్ని తినడం. పుస్తకమైతే చదవడం. ‘అసలు’ అనే మాట ఆ పనిని ఎగ్గొట్టడానికి దొరికిన దొంగదారి. అది అనేస్తే ఇక రుచి చూడక్కర్లేదు, పోలిస్తే సరిపోతుంది.

రెండోది, వండినవాడు ఏం చెయ్యబోయాడు, చేతిలో ఏముంది, ఎవరి కోసం చేశాడు అని అడగడం. పక్క బల్ల ముసలాయన మెనూ ముట్టుకోలేదు. ఆరోజు సోమవారం. ఆ ఊళ్లో సోమవారం అంటే ఎర్ర రాజ్మా, అన్నం. బట్టలుతుక్కునే రోజు కాబట్టి పొద్దున పొయ్యి మీద పడేస్తే దాని మానాన అది ఉడికే వంట. ఆయన కూర్చున్నాడు, ప్లేటు వచ్చింది. పేట హోటల్‌ని కొలిచే కొలబద్ద ఆయన. ఒక్కసారి వచ్చి ఫొటో తీసుకుని పోయే మేం కాదు. ఆయనకి యాభయ్యోసారి కూడా అది బావుండాలి, ధర అందుబాటులో ఉండాలి. 2005లో కట్రీనా వచ్చి ఊరు ఎనభై శాతం మునిగిపోయినప్పుడు, ఈ హోటళ్లు మళ్లీ తెరుస్తాయా లేదా అన్నది జనానికి రుచుల ప్రశ్న కాదు. పేట బతుకుతుందా లేదా అన్న ప్రశ్న. మాండీనాస్ మళ్లీ తెరిచింది 2007లో.

మూడో ప్రశ్నే మనం ఎప్పుడూ వదిలేసేది. ఈ బల్ల దగ్గరికి ఎవర్ని రానివ్వలేదు? దీనికి జవాబు రుచిలో దొరకదు, అందుకే అడగాలి. నోటికి బావున్నంత మాత్రాన ఆ ప్రశ్న మాఫీ కాదు. నాకు ఆ గ్రేవీ నచ్చింది. ఆ హోటల్ బల్లల దగ్గర 1964కి ముందు ఎవరు కూర్చోలేకపోయారో కూడా తెలుసు. రెండూ ఒకే వాక్యంలో రాయగలగాలి. రాయలేకపోతే నేను రాసేది ప్రకటన, వ్యాసం కాదు.

*

సిసిలీ వాళ్లు న్యూ ఆర్లీన్స్‌కి తెచ్చిన పండగ ఒకటుంది. మార్చి 19, సెయింట్ జోసెఫ్ రోజు. ఒకప్పుడు సిసిలీలో కరువొస్తే జోసెఫ్‌కి మొక్కుకున్నారని, వాన కురిసిందని, ఫావా చిక్కుళ్లు తిని బతికారని కథ. ఇళ్లలో, చర్చిల్లో మెట్లుమెట్లుగా బల్లలు అమర్చి, రొట్టెలు, చేపలు, ఆర్టిచోక్‌లు, బిస్కట్లు పేరుస్తారు. మాంసం ఉండదు. పాస్తా మీద చీజ్ బదులు రొట్టెపొడి చల్లుతారు, జోసెఫ్ వడ్రంగి కాబట్టి అది రంపపు పొట్టుకి గుర్తు. వచ్చినవాళ్లకి భోజనం పెట్టి, చేతిలో ఒక ఎండు ఫావా గింజ పెడతారు. జేబులో ఉంచుకుంటే చిల్లర తరగదంట. తెలిసినవాళ్లా కాదా అని చూడరు.

1891లో ఆ పండగ, జైలు మీద గుంపు పడిన ఐదో రోజున వచ్చింది. ఆ ఏడు ఎవరింట్లో బల్ల అమర్చారో, ఎవరింట్లో మానేశారో! వంట గురించి రాసేటప్పుడు నాకు కావాల్సిన ఆలోచన ఇలాంటిది. రొట్టెపొడి కథ, జైలు కథ వేర్వేరు పేజీల్లో ఉండకూడదు.

*

బిల్లు తెచ్చినప్పుడు ఆ పెద్దావిడ, గ్రేవీ తుడిచేసిన నా ప్లేటు చూసి నవ్వి, వాళ్లింట్లో మాంసం తినని శుక్రవారాలు మీట్‌బాల్స్ బదులు ఇందులో ఉడకబెట్టిన కోడిగుడ్లు వేసేవాళ్లని చెప్పింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. “మా ఇంట్లో కూడా! టమాటా పులుసులో కోడిగుడ్లు! అచ్చం ఇదే!”

అచ్చం ఇదే. చూశారా, రెండు గంటలు మావాడి మీద పళ్లు నూరుకుని, చివరికి నేను చేసింది కూడా అదే. ప్రపంచంలో ఎక్కడికెళ్లినా ‘అచ్చం మనలాగే’ అనడం ‘అసలు’కి చిన్న తమ్ముడు. ఆవిడ వాళ్లింటి శుక్రవారం గురించి చెప్తుంటే నేను మా ఇంటిని తెచ్చి దాని మీద పెట్టేశాను. వాళ్ల శుక్రవారం నాకు తెలియకుండానే పోయింది.

ఇంకో సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట నేను కూడా ఒక తిండి వ్యాసం రాశాను. మా అమ్మమ్మ కోడిగుడ్డు పులుసు గురించే. గుంటూరు జిల్లాలో ఊరు, పెరట్లో జామచెట్టు, ఇత్తడి గిన్నె, అన్నీ ఉన్నాయి. నలభై మూడు కామెంట్లొచ్చాయి, లెక్కపెట్టుకున్నాను. అందులో రాయనిది ఒకటుంది. ఆ గుడ్లు మా ఇంటి కోళ్లవి కాదు. పల్లె నుంచి ఒకావిడ తెచ్చి ఇచ్చేది. కొంగులో మూటకట్టుకుని వచ్చి, వసారా మెట్టు కింద కూర్చునేది. గుడ్లు తీసుకుని అమ్మమ్మ లోపల పులుసు పెట్టేది. ఆవిడ తాగే గ్లాసు మాత్రం బయట చూరులో గుచ్చి ఉండేది. నీళ్లు పైనుంచి పోసేవాళ్లు. పండగ రోజైతే పులుసు కూడా ఆవిడ తెచ్చుకున్న గిన్నెలో పైనుంచే పోసేవాళ్లు. ఆవిడ కోళ్ల గుడ్లే.

నాకు ఆ గ్లాసు గుర్తులేక కాదు రాయంది. అంచు సొట్టపోయి ఉండేది, ఇప్పటికీ కళ్లముందుంది. రాస్తే వ్యాసం రుచి చెడుతుందనుకున్నాను. ‘అసలు రుచి’ అని శీర్షిక కూడా పెట్టాను.

హోటల్ నుంచి బయటికొచ్చాక మావాడు మళ్లీ అన్నాడు, “బానే ఉంది గానీ, ఇటాలియన్ మాత్రం కాదురా.” ఈసారి కూడా వాడితో వాదించలేదు. ఇండియాకి ఫోన్ చేసి అమ్మని ఆవిడ పేరు అడిగాను. ఒక్క క్షణం ఆగకుండా చెప్పింది. “ఎందుకురా ఇప్పుడు?” అంది.